శేషం ఒకటి

గులాబీ కోతలు మరో తొమ్మిది రోజుల్లో ఉన్నాయనగా, కార్లోవో దగ్గర మా లోయలో పూలరైతుల సంఘానికి లెక్కలు రాసే దోబ్రి ఒక ఖాతా నంబరుతో కుస్తీ పడుతున్నాడు.

సంఘం బాయిలరు పాడైంది. కోసిన పూలను ఆ రోజే మరిగించకపోతే అత్తరు నూనె రాదు, ఏడాది కష్టం మట్టిపాలు. నలభై కుటుంబాలు పోగుచేసిన ముప్పై వేల లేవాల సొమ్మును గ్రీసులోని బాయిలర్ల కంపెనీకి పంపాలి. పొద్దున్నే ఆ కంపెనీ పేరుతో మెయిలు వచ్చింది: "మా ఖాతా మారింది. ఈరోజే ఈ నంబరుకు పంపండి. లేకపోతే బాయిలరు వేరేవాళ్లకు ఇచ్చేస్తాం."

దోబ్రి ఆషామాషీ మనిషి కాదు. అక్షరాలూ అంకెలూ కలిసిన ఆ ఖాతా నంబరులో మొదటి నాలుగు గుర్తులు చివరికి జరిపి, అక్షరాలను అంకెలు చేసి, తొంభై ఏడుతో భాగిస్తే శేషం ఒకటి రావాలి. కంప్యూటరు చేసే ఆ పరీక్షను ఆయన పెన్సిలుతో చేస్తాడు. అదొక గర్వం.

"శేషం ఒకటి! నిక్షేపంలా ఉందమ్మా," అన్నాడు. అధ్యక్షురాలు రుమ్యానా సంతకం పెట్టింది. చెల్లింపు కాగితం బ్యాంకుకు చేరింది.

రెండున్నరకు బ్యాంకు నుంచి జ్లాతినా ఫోన్ చేసింది.

"దోబ్రి బాబాయ్, మొదటి రెండక్షరాలు దేశానివి కదా. గ్రీసు కంపెనీకి లిథువేనియాలో ఖాతా ఏంటి?"

"కంపెనీ పేరు రాశాను కదా! పేరు కలవకపోతే మీరే ఆపరూ?"

"పేరెవరు చూస్తారు బాబాయ్? మిషను నంబరే చూస్తుంది. మూడింటికి డబ్బు వెళ్లిపోతుంది, ఆ తర్వాత నా చేతిలో ఏం లేదు. ఆపనా, పంపనా?"

ఆపితే బాయిలరు పోవచ్చు. పంపితే డబ్బే పోవచ్చు. రుమ్యానా కంగారుగా మెయిల్లోని ఫోన్ నంబరు నొక్కబోయింది.

"అది కాదు! మోసమైతే వాడే ఎత్తుతాడు!" దోబ్రి ఆ కంపెనీ నుంచి నిరుడు వచ్చిన బిల్లు వెతికి, దానిమీది నంబరుకు చేశాడు. ఎంగేజ్. మళ్లీ ఎంగేజ్. గడియారం రెండూ యాభై దాటింది. మూడోసారి కంపెనీ యజమాని ఎత్తాడు.

"ఖాతా మారడమేంటయ్యా? పన్నెండేళ్లుగా ఒకటేగా! నీకేమైనా మతిపోయిందా?"

"ఆపు తల్లీ, ఆపెయ్!" రెండో ఫోనులో లైన్లోనే ఉన్న జ్లాతినాకు దోబ్రి కేక పెట్టాడు. మూడు నిమిషాలుండగా చెల్లింపు ఆగింది. బాయిలరు సొమ్ము పాత ఖాతాకే వెళ్లింది.

మర్నాడు సంఘం సమావేశంలో అందరూ జ్లాతినాను మెచ్చుకుంటుంటే, దోబ్రి తన లెక్క కాగితం పట్టుకుని లేచాడు. ముఖం ఎర్రబడింది.

"తప్పు నాది. నంబరు సరిగ్గా ఉందా అని చూశాను గానీ, అది ఎవరిదని అడగలేదు. ఖాతా మారిందని ఎవరన్నా సరే, మనకు ముందే తెలిసిన నంబరుకు ఫోన్ చేసి అడగండి. తొంభై ఏడుతో భాగిస్తే అంకెల తప్పు దొరుకుతుంది, దొంగ దొరకడు."