అతిథుల చేప

నదిని పరీక్షించే పని మీద వచ్చిన నెయ్లా పుట్టింట్లోనే దిగింది. ఎగువన బంగారం తవ్వేవాళ్ళు వదిలే పాదరసం చేపల్లోకి ఎంత చేరుతోందో కొలవడం ఆమె ఉద్యోగం. ఊళ్ళోవాళ్ళు మంచుపెట్టెల్లో పంపిన చేపలన్నీ కిబ్దో పట్నంలోని ప్రయోగశాలలో శుభ్రంగా తేలాయి. సాయంత్రం ఊరందరినీ కూర్చోబెట్టి, నిశ్చింతగా తినండని చెప్పడమే మిగిలింది. ఆ మాట కోసం అందరికన్నా ఎక్కువగా ఎదురుచూస్తున్నది ఎనిమిదో నెల కడుపుతో ఉన్న ఆమె చెల్లెలు లెయిదీస్.

మధ్యాహ్నం తల్లి ఎవుఫేమియా వేయించిన బొకచీకో చేప, ఉడికించిన అరటికాయ నెయ్లా ముందు పెట్టింది. లెయిదీస్ గిన్నెలో మాత్రం వేరే చేప పులుసు.

"దానికదేంటమ్మా?"

"కిచారో. మేమెప్పుడూ తినేది అదేగా. బొకచీకో చుట్టాలకి."

"నేను చుట్టాన్నా?"

"ఏడాదికోసారి ఊడిపడేదాన్ని మరేమంటారే?"

లెయిదీస్ కిసుక్కున నవ్వింది. నెయ్లా చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది.

"పెట్టెల్లో ఏం పంపారమ్మా?"

"బొకచీకోలే. ఏరి ఏరి పంపాం. బస్తీవాళ్ళకి కిచారో పంపితే ఊరి పరువేం కాను? నోరు కట్టుకుని పంపామే తల్లీ!"

బొకచీకో అడుగు బురద తిని బతుకుతుంది. కిచారో చిన్న చేపల్ని మింగుతుంది, వాటి ఒంట్లోని విషమంతా దీని ఒంట్లో పోగవుతుంది. నిద్రలో లేపి అడిగినా నెయ్లా ఈ సంగతి చెప్పగలదు. పెట్టెలు విప్పినప్పుడు అన్నీ ఒకే రకమని చూసింది కూడా. ఈమధ్య నదిలో అవే పడుతున్నాయేమో అని అప్పుడు సరిపెట్టుకుంది. పుట్టి పెరిగిన ఊరి మర్యాద ఆమెకు గుర్తే రాలేదు.

సమావేశం ఆపించి, ఒక కిచారోనీ, లెయిదీస్ మెడ దగ్గర కత్తిరించిన జుట్టునీ పట్టుకుని పడవెక్కింది. మూడు వారాలకు తిరిగొచ్చింది. చేపలో పాదరసం ఉండదగినదానికి నాలుగింతలుంది. జుట్టులోనూ హద్దు దాటింది. కిచారో మానేసి బొకచీకో తినమని ఊరందరికీ చెప్పింది.

"మరి చుట్టాలొస్తే ఏం పెట్టాలి?" అన్నాడో ముసలాయన. కొందరు నవ్వారు.

ఇంటికొచ్చాక ఎవుఫేమియా పెద్దకూతుర్ని పక్కకు పిలిచింది.

"తిన్నది ఒంట్లోంచి పోతుందా?"

"పోతుందమ్మా. మెల్లిగా. సగం పోవడానికే రెండు నెలలు పట్టొచ్చు."

"చెల్లి కాన్పుకి నెలేగా ఉంది."

నెయ్లా అవునన్నట్టు తలూపింది. ఆమెకు భయంగానూ సిగ్గుగానూ ఉంది.

"బలమని తల ముక్క కూడా దానికే పెట్టానే," అంది తల్లి. "కిచారో సంగతి ఇన్నాళ్ళూ నాకో మాట చెప్పుంటే ఏం పోయేదే?"

"మీరేం తింటున్నారో నేను అడగలేదమ్మా."