ఎయిర్‌షో నాడు పిట్టల విందు

ఎయిర్‌షో రోజున మా చేపల బజారు మూత. చేప కోస్తే పిట్టలొస్తాయి, పిట్టలొస్తే విమానాలకు ప్రమాదం. అందుకని ఏటా ముందురోజే తీరమంతా కడిగేస్తాం. ఈసారి మాత్రం ఎగిరేవాళ్ళలో మా అమ్మాయి ఉంది. మొట్టమొదటిసారి!

"ఆ పసుపుపచ్చ చిన్న విమానం వస్తుంది చూడండి, అందులో ఉండేది మా పిల్లే!" అని పొద్దుటినుంచి దారిన పోయేవాళ్ళందరికీ చెబుతున్నాను. నా కాళ్ళు నేలమీద నిలవడం లేదు.

ఇంతలో మైకు గరగరమంది. "తీరం మీద పిట్టలు ఎక్కువగా ఉన్నాయి. పసుపు విమానాన్ని ఆపుతున్నాం. జెట్లు వచ్చేలోగా పిట్టలు పోకపోతే దాని ప్రదర్శన రద్దు."

చూస్తే ఆ పిట్టలన్నీ మా కొట్టు వెనకే! కాకులు, గద్దలు, సముద్రపు తెల్లపిట్టలు, ఒకటే గోల. పరుగెత్తాను. మా ఆయన చేతిలో కత్తి, ముందు బారెడు చేప, ఇసుక నిండా పొలుసులు.

"ఏంటయ్యా ఈ పని?"

"అమ్మాయి దిగేసరికి ఆకలిగా ఉంటుంది కదే! దానికిష్టమని..."

"దిగాలంటే ముందు ఎగరాలి కదయ్యా!"

పాపం, ఆయన మొహం మాడిపోయింది. తీరిగ్గా తిట్టుకోవచ్చులే అనుకున్నాను. అటు భద్రతాధికారి టపాకాయలు పేలుస్తున్నాడు. పిట్టలు లేస్తాయి, ఒక చుట్టు తిరుగుతాయి, మళ్ళీ మా కొట్టు వెనకే వాలతాయి. మెతుకులు చల్లితే కాకులకు కొదవా అంటారు. అయితే ఆ మెతుకులేవో ఇంకోచోట చల్లితే సరి!

"బాబూ, పేల్చకండి. వీటిని లైట్‌హౌస్ అవతలికి నేను తీసుకుపోతాను," అన్నాను.

అతను నా తోపుడుబండిమీది చేపల ఐసుపెట్టె చూశాడు. "పదండమ్మా, పదండి! అటు విమానాలు రావు," అని తానూ బండికి చెయ్యేశాడు. మా ఆయన పొలుసులన్నీ బుట్టలోకెత్తి, పెద్ద చేపను బండిలో పడేశాడు.

ఒక చేపను తోకపట్టి పైకెత్తి ఊపాను. గద్ద ఒకటి తన్నుకుపోయింది. ఇక చూడాలి నా వైభవం! అన్నీ పెళ్ళివారిలా నా వెంటపడ్డాయి. లైట్‌హౌస్ అవతల రాళ్ళ దగ్గర పెట్టె తెరిచి, మర్నాటి బేరానికి దాచిన చేపలన్నీ విసరడం మొదలుపెట్టాను.

"తీరం ఖాళీ!" అని మైకు అరిచింది. "పసుపు విమానం వచ్చేస్తోంది!"

ఇంజను మోత వినగానే ఒళ్ళంతా పులకరించింది. తల తిప్పబోయాను. చెయ్యి ఆగిందో లేదో, నాలుగు పిట్టలు లేచాయి. అమ్మో! గబగబా మళ్ళీ విసిరాను. జనం హోరుమన్నప్పుడల్లా అది పల్టీ కొట్టిందనుకున్నాను. "తిరుగు తల్లీ, తిరుగు!" అని అరుస్తూ, నవ్వుతూ, ఏడుస్తూ చేపలు విసిరాను. ఏడాదిపాటు కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసినదాన్ని చెవులతోనే చూశాను. పెట్టె అయిపోయింది. ఆఖరికి ఆ బారెడు చేపనూ వేసేశాను. అప్పుడు మైకు చెప్పింది, క్షేమంగా దిగిందని.

కాసేపటికి అమ్మాయి విమానం నడిపే దుస్తుల్లోనే పరుగెత్తుకొచ్చింది. వెనకే వాళ్ళ నాన్న.

"చూశావా అమ్మా?"

అబద్ధం చెబుదామంటే నోరు రాలేదు. "లేదే. ఒక్కసారి కూడా చూడలేదు," అని భోరుమన్నాను.

అది నా చెంపమీది పొలుసు తీసింది. "తీరం మీద అంతమంది ఉన్నారు కదా, పైనుంచి ఎవరు ఎవరో తెలీదమ్మా. ఇక్కడ మాత్రం అన్ని పిట్టల మధ్య ఒక్కదానివే. తిరిగినప్పుడల్లా నిన్నే చూశాను."

"ఇంటికి పోదాం పద, ఆకలేస్తుంటుంది," అన్నాను కళ్ళు తుడుచుకుని. ఇంట్లో ఒక్క చేప లేదు.