అంచుదాకా పోసిన గిన్నె

పొద్దున్నే లేవగానే బల్జియా తన టీ దుకాణం వంటింటి గుమ్మంలో కూర్చుని కాలు కిందికి చాపుతుంది. బొటనవేలికి సముద్రం తగిలితే టీ నీళ్ళు కాచే సమోవార్ అంటిస్తుంది. తగలకపోతే ముందు పళ్ళేలు కిందకి దించి, చేప చారు గిన్నెకి మూత బిగించి, "బల్లలు పట్టుకోండి, లేస్తోంది!" అని లోపలున్న వాళ్ళకి కేకేస్తుంది.

అప్పుడా టీ దుకాణం లేస్తుంది. ఒంటె ఎలా లేస్తుందో అలాగే, వెనక వైపు ముందు, ముందు వైపు తర్వాత. అలవాటున్నవాళ్ళు గిన్నె చేత్తో పట్టుకుని వెనక్కి వాలుతారు. అలవాటు లేనివాళ్ళు బల్ల మీదుగా జారి ఎదుటివాడి ఒళ్ళో పడతారు, అలా పడి పెళ్ళిదాకా వెళ్ళినవాళ్ళూ మా ఊళ్ళో ఉన్నారు. లేచాక నాలుగడుగులు నడిచి, నీళ్ళ అంచున ఆగుతుంది. దానికి కాళ్ళెలా ఉంటాయని అడిగితే మాత్రం ఎవరూ చెప్పలేరు. ఇల్లు నడుస్తుంటే గిన్నెలు చూసుకుంటామా, కాళ్ళు చూస్తామా?

అక్తావ్‌లో దీన్ని వింతగా చెప్పుకునేవాళ్ళు లేరు. మా కాస్పియన్ సముద్రం ఏటేటా వెనక్కి జరిగిపోతోంది. ఒడ్డున పెట్టిన దుకాణం ఒడ్డునే ఉండాలంటే అదీ జరగాలి కదా. పైగా ఆ గోడలు గవ్వరాయివి. ఎప్పుడో సముద్రం అడుగున పడి ఉన్న గవ్వలు గట్టిపడి రాయయ్యాయి. అంటే సముద్రం దానికి పుట్టిల్లు. మా ఊళ్ళో వీధులకి పేర్లుండవు, అన్నీ అంకెలే. ఈ దుకాణానికి ఆ అంకె కూడా లేదు. టాక్సీ ఎక్కి "బల్జియా దగ్గరికి" అంటే చాలు, నీళ్ళ దాకా తీసుకెళ్ళి దింపుతారు.

లేవడం దాని ఇష్టం. కూర్చోవడం మాత్రం కెంజెబాయ్ చేతిలో ఉంది. చేపల డబ్బాల కర్మాగారంలో పనిచేసి మానేసిన మనిషి, బల్జియా భర్తకి తమ్ముడి వరస. ఆయన తాత స్టెప్పీ గడ్డిమైదానాల్లో ఒంటెలకి రెండు తీగల దోంబ్రా వాయించేవాడు. పిల్లని దగ్గరికి రానివ్వని తల్లి ఒంటె ముందు కూర్చుని, దాని కళ్ళు చెమ్మగిల్లేదాకా వాయిస్తే, పాలు చేపేది. మనవడు అదే బాణీ ఇంటికి వాయిస్తాడు. ఆ రెండు తీగల మోత గోడల్లోకి ఇంకేకొద్దీ ఇల్లు మెత్తబడి, ముందు మోకాళ్ళు వంచి, తర్వాత వెనకవి వంచి కుదురుగా కూర్చుంటుంది.

దానికి ఒక్కటే షరతు. దోంబ్రా మోగుతున్నంతసేపూ ఎవరూ మాట్లాడకూడదు, నమలకూడదు, గుటక వేయకూడదు. నోటి దాకా వెళ్ళిన గిన్నె గాల్లోనే ఆగిపోవాలి. ఒకసారి ఎవడో ఫోనులో ఫుట్‌బాల్ ఆట చూస్తూ అరిచాడు. ఇల్లు ఆ పూటంతా నిలబడే ఉంది. జనం కిటికీల్లోంచి తాడు పట్టుకుని దిగాల్సి వచ్చింది.

"ఇవాళ వేళ్ళు పట్టేశాయి వదినా," అంటాడు కెంజెబాయ్ ఇల్లు లేచిన ప్రతి పొద్దునా. "ఓ గిన్నె శుబాత్ పడితే గానీ కదలవు."

"నిన్న పోస్తే కదిలింది నీ నాలిక ఒక్కటే. ముందు ఇంటిని కూర్చోబెట్టు, తర్వాత పోస్తా."

బల్జియా పులియబెట్టిన ఒంటెపాలు, ఆ శుబాత్, తాగినవాడు ఇంకోచోట శుబాత్ తాగితే మొహం అటు తిప్పుకుంటాడు. టీ అయితే ఇంకా మర్యాదగా పోస్తుంది. గిన్నె అడుగున రెండు గుక్కలు. అయిపోతే మళ్ళీ రెండు గుక్కలు. అలా పోస్తే ఇంకాసేపు కూర్చోమని. అంచుదాకా పోసిందంటే, తాగేసి దయచేయమని. ఈ సంగతి మా దగ్గర పాలు మరవని పిల్లలకీ తెలుసు. బల్జియా దుకాణం పెట్టినప్పటి నుంచీ ఎవరికీ అంచుదాకా పోసి ఎరగదు.

ఆ రెండు గుక్కల మర్యాద అందరికంటే ఎక్కువ పొందింది ఉల్జాన్ ముసలమ్మ. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం వచ్చి, పొద్దు వాలేదాకా కూర్చుని, కెంజెబాయ్ వాయిస్తుంటే కళ్ళు తుడుచుకుని, "బాగా వాయించలేదు, పోయినవారమే నయం," అని తిట్టి వెళ్తుంది. ఆమె కొడుకు మార్గులాన్. వాడు ఈ దుకాణం బల్లల కాళ్ళు పట్టుకునే నడక నేర్చాడు. ఇప్పుడు పైన కొండ అంచున పెద్ద అద్దాల భవనం కట్టించాడు.

ఆ మార్గులాన్ ఒకరోజు మంచి బూట్లతో ఇసుకలో నడుచుకుంటూ వచ్చాడు.

"ఆపా, నిన్ను తీసేయడం కాదు. పైకి తీసుకెళ్తున్నా," అన్నాడు. అక్కని ఆపా అనీ, అన్నని ఆగా అనీ పిలవడం మా వాళ్ళ మర్యాద. "నీ చేప చారు, నీ శుబాత్, కెంజెబాయ్ ఆగా దోంబ్రా, అన్నీ ఒకే కప్పు కింద. ఊరి రుచులు, ఊరి కళలు. వచ్చినవాళ్ళు ఊరంతా తిరగక్కర్లేదు."

"ఇక్కడ కూడా ఒకే కప్పు కిందే ఉన్నాయి కదా నాయనా."

"ఈ కప్పు పని అయిపోయిందాపా. తీరం నీళ్ళ అంచుదాకా నేను కౌలుకి తీసుకున్నా. కుర్చీలూ గొడుగులూ వేయాలి. శనివారం పడగొట్టే యంత్రం వస్తుంది. నీకు పైన మంచి వంటిల్లు, తెల్ల టోపీ. అతిథులు తింటుంటే ఆగా ఓ మూల కూర్చుని మెల్లగా వాయిస్తూ ఉంటారు."

"తింటుంటేనా?" కెంజెబాయ్ లేచి నిలబడ్డాడు. "నేనేమన్నా ఫ్యాన్‌నా, ఓ మూల తిరుగుతూ ఉండటానికి?"

మార్గులాన్ నవ్వేశాడు. చెడ్డవాడు కాదు వాడు, కాకపోతే ఎదుటివాళ్ళు కాదంటే వాడికి వినపడదు. "శుక్రవారం సాయంత్రం రాజధాని నుంచి నా భాగస్వాములు వస్తున్నారు. ఇక్కడికే తీసుకొస్తా. ఓసారి రుచి చూపించండి, చాలు."

గుమ్మంలోకి వచ్చిన అతిథిని వెళ్ళిపొమ్మనే అలవాటు మా వాళ్ళకి లేదు. బల్జియా సరేనంది. వాడు వెళ్ళాక మాత్రం వంటింట్లో కూర్చుని ఏడ్చింది. ఆ గోడలు ఆమె భర్త ఒక్కో రాయీ మోసుకొచ్చి పేర్చినవి. ఆయన పోయాక ఆమెకి మిగిలిన తోడు ఆ ఇల్లే. దాన్ని పడగొట్టి, టోపీ పెట్టుకుని, పైన ఎవడో గంట కొడితే పరిగెత్తాలా? భయమేసింది. అంతకంటే ఎక్కువ ఒళ్ళు మండింది.

శుక్రవారం ఉల్జాన్ ఎప్పటిలాగే వచ్చి పొయ్యి పక్కన కూర్చుంది. సాయంత్రం మార్గులాన్ అతిథులని తీసుకొచ్చాడు. తల్లిని చూసి కాస్త ఇబ్బందిపడ్డాడు.

"ఈ చెక్క బల్ల మీదెందుకమ్మా? రేపట్నుంచి పైన కూర్చుందువుగాని. మెత్తటి కుర్చీలున్నాయి."

"మెత్తగా కూర్చోవాలంటే ఇంట్లో మంచముంది కదరా నాకు," అంది ముసలమ్మ.

చేప చారు వచ్చింది, ఎండుచేప వచ్చింది, నూనెలో వేయించిన పిండి ఉండలు, వేడి వేడి బౌర్సాకులు, గుట్టగా వచ్చాయి. అతిథులు మెచ్చుకుంటూ తిన్నారు. వాళ్ళు అలా తింటూ ఉండగానే వెనక గోడ మూలిగింది. పొద్దున బొటనవేలికి నీళ్ళు తగిలాయి కాబట్టి ఇల్లు లేవాల్సిన రోజు కాదది. అయినా లేచింది. రాజధాని వాళ్ళు బల్ల పట్టుకుని, జారిపోయిన పళ్ళెం దగ్గరికి లాక్కుని, మాటలు ఆపకుండానే తినసాగారు.

కెంజెబాయ్ దోంబ్రా అందుకున్నాడు. నాలుగు మీటులు మీటాడో లేదో, ఒకాయన కుర్చీలు ఏ రంగువి వేయాలో చెప్పడం మొదలుపెట్టాడు. ఇంకొకావిడ ఎండుచేప పటపటా విరిచింది. కెంజెబాయ్ చెయ్యి ఆగిపోయింది. దోంబ్రా ఒళ్ళో పడుకోబెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

ఇల్లు అప్పటికే నీళ్ళ అంచున ఉంది. ఎప్పుడైనా అక్కడే ఆగేది. ఇవాళ ఆగలేదు. అడుగు కింద నీళ్ళ చప్పుడైంది.

"ఆగా, వాయించండి! కూర్చోబెట్టండి దీన్ని!" అన్నాడు మార్గులాన్.

"వాయిస్తా. ముందు నోళ్ళు మూయించు."

"అతిథులని నోరు మూసుకోమని ఎలా అంటాను?"

"అయితే ఈతొచ్చేమో కనుక్కో."

అతిథులు దాన్నీ ఓ సరదా అనుకుని నవ్వారు. కుర్చీలాయన గొంతు ఇంకాస్త పెంచాడు. బల్జియా వంటింటి గుమ్మంలో నిలబడి ఆ నవ్వులు వింది. పొయ్యి దగ్గరికెళ్ళి పెద్ద టీ కూజా తీసుకుంది. నేరుగా మార్గులాన్ దగ్గరికొచ్చి, వాడి గిన్నెలో పోసింది. సగం దాటింది, ఆగలేదు. అంచుకి వచ్చింది, ఆగలేదు. ఇంకో చుక్క పడితే పొర్లుతుందన్నప్పుడు ఆపింది. తర్వాత కుర్చీలాయనకి పోసింది. తర్వాత ఎండుచేప ఆవిడకి. అలా బల్ల చుట్టూ తిరిగి ఒక్కొక్కరికీ అంచుదాకా పోసింది.

రాజధానిలో ఎంత పెద్ద భవనాల్లో తిరిగినా వాళ్ళకీ అమ్మలుంటారు, ఆ అమ్మలు టీ పోసే ఉంటారు. గిన్నె చూసినవాడు చూసినట్టే మాట మింగేశాడు. మార్గులాన్ మొహం కందగడ్డయింది.

అంత నిశ్శబ్దం దొరికాక కెంజెబాయ్ వదులుతాడా? దోంబ్రా ఎత్తాడు. ఉల్జాన్ కళ్ళు తుడుచుకుంది. ఇల్లు ఇంకొన్ని అడుగులు వేసి, మెత్తబడి, ముందు మోకాళ్ళు వంచి, వెనకవి వంచి, సముద్రంలో కూర్చుంది. గడప కింద అల వచ్చి తట్టి వెళ్ళింది.

మోత ఆగాక అతిథులు లేచారు. బూట్లు చేత పట్టుకుని, మోకాలి లోతు నీళ్ళలో ఒకరి వెనక ఒకరు ఒడ్డుకి నడిచారు. మార్గులాన్ తల్లిని వీపు మీద ఎక్కించుకుని దిగాడు. "నెమ్మదిగా నడవరా, నీ తొందరపాటు వల్లే ఇదంతా," అని ఆమె వీపు మీద నుంచే తిట్టింది.

శనివారం యంత్రం వచ్చింది. ఇసుకలో గాడి పెట్టుకుంటూ నీళ్ళ దాకా వచ్చి ఆగింది. డ్రైవరు దిగి, ఒకసారి దుకాణం వైపు, ఒకసారి మార్గులాన్ వైపు చూశాడు.

"నీళ్ళ అంచుదాకా అన్నారు కదా సార్. అంచు ఇదే."

మార్గులాన్ కాసేపు అటూ ఇటూ తిరిగి, నోటికి చేతులు అడ్డం పెట్టుకుని అరిచాడు.

"ఆపా! సముద్రం మళ్ళీ వెనక్కి పోతుంది! అప్పుడేం చేస్తావ్?"

బల్జియా గడప మీద కూర్చుని నీళ్ళలో కాళ్ళు ఆడిస్తోంది. "మేమూ పోతాం!"

"ఎంతదాకా?"

"అవతలి ఒడ్డున బాకూ దాకా! అక్కడివాళ్ళూ టీ తాగుతారట!"

డ్రైవరు నవ్వు ఆపుకోలేక యంత్రం చాటుకి వెళ్ళాడు. కాసేపటికి అతనే ప్యాంటు మోకాళ్ళ పైకి మడిచి, శుబాత్ తాగి వస్తానని నీళ్ళలోకి దిగాడు.

అప్పటినుంచీ మా ఊరి ఒడ్డున ఇసుకలో చెప్పులూ బూట్లూ బారుగా కనిపిస్తాయి. పెళ్ళివారు, టాక్సీవాళ్ళు, గాలిలో మేడలు కట్టే ముసలివాళ్ళు, అందరూ బట్టలు ఎత్తిపట్టుకుని నడిచి వెళ్తారు. పైన అద్దాల భవనంలో దీపాలు వెలుగుతుంటాయి, మెత్తటి కుర్చీలు ఖాళీగా ఉంటాయి. ఇక్కడ నిలబడటానికి చోటుండదు.

తర్వాతి శుక్రవారం ఉల్జాన్ వచ్చింది. పావడా పైకి ఎత్తి దోపుకుని, చలికి సముద్రాన్ని కూడా తిట్టుకుంటూ, నీళ్ళలో నడిచి వచ్చింది. ఆమె చెప్పులు పట్టుకుని వెనకాలే మార్గులాన్ వచ్చాడు. ఎవరూ పలకరించలేదు, ఎవరూ పొమ్మనలేదు. బల్జియా ముసలమ్మకి గిన్నె అడుగున రెండు గుక్కలు పోసింది. తర్వాత అతని వైపు తిరిగి, కళ్ళలోకి సూటిగా చూస్తూ, అంచుదాకా పోసింది.

వెళ్ళడానికైనా అది తాగాలి కదా. పొగలు కక్కుతున్న గిన్నె రెండు చేతులతో జాగ్రత్తగా ఎత్తాడో లేదో, కెంజెబాయ్ దోంబ్రా అందుకున్నాడు. దుకాణం మొత్తం ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయింది. మార్గులాన్ తాగకూడదు, దించకూడదు, చుక్క ఒలకకూడదు. వేళ్ళు కాలుతున్నాయి, చెవులు ఎర్రబడ్డాయి, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. కానీ కదల్లేదు.

కెంజెబాయ్ ఓరగా వాడి గిన్నె వైపు చూశాడు. తనకొచ్చిన బాణీల్లో అన్నిటికంటే పొడుగైనది ఎత్తుకున్నాడు.