నలభై దగ్గర ఆగిన వాగు

ఆ మధ్యాహ్నం నా భార్య బాయా, ఏడేళ్ల కూతురు షాషా వాగు పక్కన ఖర్జూర తోటలో ఉన్నారు. పక్కన అని మాటవరసకు అంటున్నాను గానీ మా తోటలన్నీ వాగు కడుపులోనే ఉంటాయి. రెండేళ్లకో మూడేళ్లకో ఒకసారి నీళ్లు వస్తాయి. మిగతా రోజులన్నీ అది ఇసుక దారి. గెలలు కోసే నెల కాబట్టి ఊళ్లో సగం మంది అక్కడే ఉన్నారు, కోసేవాళ్లు చెట్ల మీద, ఏరేవాళ్లు కింద పరిచిన దుప్పట్ల మీద.

నేను ఊరి నీటి కార్యాలయంలో పనిచేస్తాను. ఎగువన ముప్పై కిలోమీటర్ల అవతల, వాగు కొండ సందులోంచి బయటపడే కనుమ దగ్గర, ఒక కొలత పెట్టె ఉంది. నీటి మట్టం ఎంతుందో అది పది నిమిషాలకోసారి రేడియో మీద పంపుతుంది. మా గదిలోని యూనిక్స్ కంప్యూటరు దాన్ని అందుకుని, మట్టం అయిదు సెంటీమీటర్లయినా మారితే తెర మీద ఒక వరుస వేస్తుంది. మారకపోతే వేయదు. వంద దాటితే టెర్మినల్, అంటే ఆ తెరా కీబోర్డూ ఉన్న పెట్టె, కూత పెడుతుంది. కూత వినగానే మేం మసీదు దగ్గరకు పరుగెత్తి హాజీ కాసీకి చెప్పాలి. ఆయన వాగు కాపలాకు పెద్ద. మసీదు మినారు మీదికెక్కి మూడుసార్లు తుపాకీ పేలుస్తాడు. తోటల్లో ఉన్నవాళ్లు చేతిలో ఉన్నది ఎక్కడిదక్కడ వదిలేసి గట్టెక్కుతారు. కనుమలో వంద దాటిన నీళ్లు మా ఊరికి చేరడానికి గంటన్నర పడుతుంది. ఆ గంటన్నరే మా ప్రాణం.

పెట్టె రాకముందు హాజీ కాసీ తండ్రి, తాత, కనుమ దగ్గర మనుషుల్ని కాపలా కూర్చోబెట్టేవారు. ఒక కొండ మీద పేలిన తుపాకీ విని ఇంకో కొండ మీదివాడు పేల్చేవాడు. పెట్టె వచ్చాక పెద్దల సభ ఆ కాపలా తీసేసింది. హాజీ కాసీకి ఆ కోపం ఇంకా ఉంది.

దానికి తోడు పోయినేడు నేను ఒక తప్పు చేశాను. కూత వినకుండానే, ఒట్టి మబ్బు చూసి భయపడి చెప్పాను. తుపాకీ పేలింది. జనం చెట్ల మీంచి జారారు. ఒకాయన కాలు విరిగింది. వాగులో చెంబెడు నీళ్లు రాలేదు. అప్పట్నుంచి సభ మాట ఒక్కటే: తెర చెబితేనే తుపాకీ.

ఆ మధ్యాహ్నానికి మూడు రోజుల ముందు పిడుగు పడి మా టెర్మినల్ తగిలించిన సీరియల్ పోర్టు కాలిపోయింది. కంప్యూటరు వెనక అలాంటివి ఎనిమిది ఉన్నాయి. కేబుల్ పీకి ఆరోదానికి బిగించాను. బిగిస్తే సరిపోదు. ఆ పోర్టు ఎంత వేగంతో పంపాలి, అక్షరానికి ఎన్ని బిట్లు, ఏ కీ నొక్కితే ఆగాలి, ఏది నొక్కితే కదలాలి, ఇవన్నీ ఒక ఫైల్లో వరసగా రాయాలి. పాత పోర్టు వివరాలు నా నోటుపుస్తకంలో ఉన్నాయి. చూసి ఒక్కొక్క మాట కొడుతున్నాను. కొట్టిన మాట పక్కన పెన్సిలు చుక్క పెట్టడం నా అలవాటు. మధ్యలో అజాన్ వినబడింది. లేచి వెళ్లి నమాజు చేసుకుని వచ్చి మిగతాది కొట్టాను. తెర వెలిగింది, అంకెలు వచ్చాయి. అల్లాకు కృతజ్ఞత చెప్పుకుని ఇంటికి పోయాను.

మా గదిలో ఇంకో అలవాటు కూడా ఉంది. తెర మీద వరుసలు పడుతున్న రోజుల్లో, నమాజుకు లేచేటప్పుడు కంట్రోల్, ఎస్ కలిపి నొక్కి తెరను నిలిపేస్తాం. లేకపోతే మేం వచ్చేసరికి పాత వరుసలు పైకి పాకి మాయమవుతాయి. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. తిరిగొచ్చి ఏ కీ తాకినా, ఆఖరికి టీ గ్లాసు తగిలినా, తెర కదిలేది. నిలిపినంతసేపు కూత కూడా లోపలే ఉండిపోతుందని మాకు తెలుసు. పావుగంటే కదా అనుకునేవాళ్లం. పోర్టు మార్చాక ఆ మూడు రోజులూ నిలపాల్సిన పని పడలేదు.

ఆ రోజు సెలవు పెట్టి మధ్యాహ్నం తోటకు సంచులు మోశాను. నాలుగున్నరకు ఉత్తరం వైపు చూస్తే కొండల వెనక ఆకాశం వంకాయ రంగులో ఉంది. మా నెత్తిన మాత్రం ఎండ.

"బాయా, అటు చూడు," అన్నాను.

ఆమె దుప్పటి మీద పండ్లు ఏరుతూ తలెత్తలేదు. "చూశాను. పొద్దుట్నుంచీ అంతే. మళ్లీ పోయినేటిలా ఊరందర్నీ ఉరికిస్తావా ఏంటి?"

"లేదులే. ఒకసారి ఆఫీసుకు పోయి చూసొస్తా."

"అక్కడ నా తమ్ముడున్నాడుగా. వాడికి కళ్లు లేవా?"

"ఉన్నాయి. అయినా పోయొస్తా."

"పో, పో. ఈ గెల మోయకుండా తప్పించుకోవడానికి నీకు మబ్బొకటి దొరికింది," అని నవ్వింది. షాషా నా సంచిలో ఒక పండు పడేసి, "ఇది కంప్యూటరుకి," అంది.

ఆఫీసుకు చేరేసరికి అయిదు దాటింది. మా బావమరిది హమ్మూ కుర్చీలో వెనక్కి వాలి టీ తాగుతున్నాడు. గోడ వైపు బల్ల మీద హాజీ కాసీ తుపాకీ పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూసి, "రావయ్యా బాహ్మద్. మీ పెట్టె నిద్రపోతోంది. మీ బావమరిది కూడా," అన్నాడు.

"నిద్రేంటి హాజీ!" అన్నాడు హమ్మూ. "బావా, నలభై. మూడున్నర నుంచి నలభై. కదలటం లేదు. ఈయనేమో గాలి వాసన చూసి వచ్చానంటున్నాడు."

"తడి మట్టి వాసనరా అది. నువ్వు మీ అమ్మ కడుపులో పడకముందు నుంచి నాకు తెలుసు ఆ వాసన."

"అయితే పేల్చండి మరి. ఎవరొద్దన్నారు?"

హాజీ నా వైపు చూశాడు. "పోయినేడు విరిగిన కాలు ఇంకా కుంటుతోంది. సభ నా చేతులు కట్టేసింది. తెర చెప్పాలట."

నేను తెర దగ్గరకు వెళ్లాను. ఆఖరి వరుస మూడు ముప్పై, నలభై సెంటీమీటర్లు. మొదట నా గుండె కుదుటపడింది. నలభై అంటే పిల్లలు ఆడుకునే నీళ్లు. బాయా నవ్వింది నిజమే అనుకున్నాను.

కిటికీలోంచి ఉత్తరం చూశాను. మబ్బు కొండల మీంచి నేల దాకా దిగి ఉంది. అంత వాన పడుతుంటే కనుమలో నీళ్లు గంటన్నర సేపు అయిదు సెంటీమీటర్లు కూడా పెరగవా? పోనీ తగ్గవా? ఇన్నేళ్లలో నేను అలా చూడలేదు.

"హమ్మూ, ఇందాక అసర్ నమాజుకు పోతూ తెర నిలిపావా?"

"నిలిపాను. వరుసలు పడుతుంటే ఎప్పుడూ నిలిపేదేగా."

"వచ్చాక?"

"స్పేస్ కొట్టాను. కొత్త వరుస రాలేదు. అంటే మార్పు లేదన్నట్టేగా."

నేను స్పేస్ కొట్టాను. ఏం లేదు. ఎంటర్ కొట్టాను. ఏం లేదు. మార్పు లేకపోయినా ఎంటర్ కొడితే తెర మీద కర్సర్ ఒక వరుస కిందికి దిగాలి. దిగలేదు.

అలమర మీంచి నోటుపుస్తకం లాగాను. పేజీ దొరకలేదు. దొరికింది. వేగం, చుక్క. బిట్లు, చుక్క. నిలిపే కీ, చుక్క. కదిలించే కీ, చుక్క. దాని కింద, ఏ కీ నొక్కినా కదలాలి అని చెప్పే మాట. దాని పక్కన చుక్క లేదు. అజాన్ వినబడి నేను లేచింది అక్కడే. తిరిగొచ్చి మొదలుపెట్టింది దాని తర్వాతి మాట దగ్గర.

"ఏంటి బావా? ఏమైంది?"

తెర ఇంకా నిలిపే ఉంది. ఇప్పుడు దాన్ని కదిలించేది ఒకే ఒక్క కీ. కంట్రోల్ మీద ఎడమ వేలు పెట్టాను. క్యూ మీద కుడి వేలు పెట్టాలి. పెట్టలేకపోయాను. నొక్కితే ఏం కనబడుతుందో నాకు ముందే తెలిసినట్టు అనిపించింది. నొక్కకుండా ఉన్నంతసేపూ నా కూతురు నలభై సెంటీమీటర్ల నీళ్ల పక్కన ఉంది. యా రబ్బీ, ఓ దేవా, అని నొక్కాను.

వరుసలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి, కంటికి కొన్నే అందాయి. మూడు యాభై, అరవై. నాలుగు, ఎనభై అయిదు. నాలుగు పది, నూట ఇరవై. అక్కడ కూత మొదలైంది. ఒక కూత ఆగకుండానే రెండోది. నాలుగు ఇరవై, నూట డెబ్భై. నాలుగు నలభై, రెండు వందల ముప్పై. అయిదు గంటలు, మూడు వందల పది. గంట సేపు లోపల మూసి ఉంచిన కూతలన్నీ ఒక్కసారి గదిలో పడ్డాయి.

హమ్మూ టీ గ్లాసు కింద పడింది. "అక్కా..." అన్నాడు.

నాలుగు పదికి వంద దాటింది. ఇప్పుడు అయిదు పది. గంటన్నరలో గంట పోయింది.

"హాజీ, పేల్చండి!" అని అరిచాను. ఆ డెబ్భై ఏళ్ల మనిషి అప్పటికే గుమ్మం దాటాడు.

నేను మసీదు వైపు కాదు, తోట వైపు పరుగెత్తాను. హమ్మూ నా వెనక. సందులు దాటుతుండగా మొదటి చప్పుడు వినబడింది. తర్వాత రెండోది. మూడోది ఎంతకీ రాలేదు. రెండే పేలితే పెళ్లి అనుకుంటారు. ఆ ముసలి చేతులకు తూటా ఎక్కడం లేదేమో, మెట్ల మీద పడ్డాడేమో అనుకుంటూ పరుగెత్తాను. మూడోది పేలింది.

గట్టు దగ్గర జనం ఎదురొస్తున్నారు. గాడిదలు, పిల్లలు, తల మీద గంపలు. "మళ్లీ బాహ్మద్ మబ్బేనా?" అని ఎవరో అన్నారు. "కాదు, నిజం, నిజం," అని అరుస్తూ వాళ్లను తోసుకుంటూ దిగాను. మా చెట్లు తోట చివర, అవతలి అంచున ఉన్నాయి. ఎదురొచ్చే ప్రతి ఆడమనిషి ముఖమూ చూస్తున్నాను. ఏదీ బాయాది కాదు.

సగం దూరంలో ఉండగా నేల అదిరింది. చప్పుడు ఇంకా లేదు, అరికాళ్లకు మాత్రం తెలిసింది. తర్వాత చప్పుడు. రాళ్లు దొర్లుతున్నట్టు, దాని కింద ఇంకేదో మూలుగుతున్నట్టు. పక్షులన్నీ ఒక్కసారి లేచాయి.

"బాయా!"

మట్టిగోడ మలుపు దగ్గర కనబడింది. షాషా ఆమె వీపు మీద ఉంది. ఒక చేత్తో పిల్లను పట్టుకుని, ఇంకో చేత్తో మా పక్క తోట ముసలమ్మను లాక్కొస్తోంది. చీలమండల దాకా నీళ్లు. ఎర్రటి నీళ్లు, వాటి మీద ఖర్జూర మట్టలు. నేను పిల్లను అందుకున్నాను. హమ్మూ ముసలమ్మను భుజాన వేసుకున్నాడు. వెనక్కి తిరిగి చూడలేదు. మోకాళ్లు, తొడలు. నీళ్లు నన్ను పక్కకు నెడుతుంటే షాషా నా మెడను ఎంత గట్టిగా పట్టుకుందంటే నాకు ఊపిరి ఆడలేదు. గట్టు మీంచి చేతులు వచ్చాయి. ఎవరి చేతులో తెలియదు. పైకి లాగాయి.

మేం ఎక్కాక వాగు నిండా వచ్చింది. మేం ఏరిన పండ్లు, దుప్పట్లు, నిచ్చెనలు, ఒక మేక, అన్నీ మా కళ్ల ముందే పోయాయి. వీధుల వారీగా తలలు లెక్కపెట్టారు. అందరూ ఉన్నారు. రెండోసారి లెక్కపెట్టారు. ఉన్నారు.

అప్పుడు మొదలైంది నాకు అసలు భయం. జనం నా చుట్టూ మూగారు. కాలు విరిగినాయన కుంటుతూ వచ్చి నా నుదుటి మీద ముద్దు పెట్టాడు. "పోయినేడు నిన్ను తిట్టిన నోరు ఇది. క్షమించవయ్యా. నీ పెట్టె మా పిల్లల్ని కాపాడింది," అన్నాడు. ఒకామె నా తడి చొక్కా పట్టుకుని నా మేలు కోరి దువా చేసింది.

హమ్మూ నా చేయి నొక్కాడు. చెవిలో, "బావా, నోరు మూసుకో. అందరూ బతికారు. అల్లా దాచిన దాన్ని నువ్వు తవ్వకు," అన్నాడు.

వాడు చెప్పింది తప్పా? నాకు ఇప్పటికీ తెలియదు. అల్లా దాచిన తప్పును దాచి ఉంచమని మేం చదువుకున్నదే. కానీ అది ఒక్క మనిషికీ అతని దేవుడికీ మధ్య తప్పు అయితేనే. ఆ తెర ముందు రేపు కూర్చునేదీ నేనే. దాన్ని నమ్మి కింద పండ్లు ఏరేదీ వీళ్లే.

హాజీ కాసీ తుపాకీ ఊతంగా పట్టుకుని వచ్చాడు. ఆయనకు అప్పటికే తెలుసు, గదిలో ఉన్నాడు కదా. అయినా ఏమీ తెలియనట్టు అడిగాడు. "బాహ్మద్, పెట్టె మనకు ఎంత వ్యవధి ఇచ్చింది?"

"గంటన్నర," అన్నాను. నీళ్ల చప్పుడులో అది ఎవరికీ అందలేదు. మళ్లీ అన్నాను. "గంటన్నర ఇచ్చింది హాజీ. గంట నేను పోగొట్టాను. పోర్టు మార్చినప్పుడు ఒక మాట రాయడం మరిచిపోయాను. మేం నమాజుకు తెర నిలిపితే అది మళ్లీ కదలలేదు. పెట్టె అరుస్తూనే ఉంది. మాకు వినబడలేదు."

నా నుదుటి మీద ముద్దు పెట్టినాయన నేల వైపు చూశాడు. నీళ్ల చప్పుడు ఒక్కటే. వాళ్లు తిడితే బాగుండుననిపించింది.

మాట్లాడింది బాయా. పిల్లను ఒళ్లో పెట్టుకుని జుట్టు పిండుతోంది.

"ఆ ఒక్క మాటేనా? ఇంకేమైనా మరిచిపోయావా?"

"ఆ పేజీ అంతా చూడలేదు. చుక్క లేదని కనబడగానే..."

"ఎగువన వాన ఆగిందా?"

"లేదు."

"మరి ఇంకా ఇక్కడెందుకు నిలబడ్డావు?"

నేనూ హమ్మూ తడి బట్టలతోనే ఆఫీసుకు నడిచాం. వాడు పుస్తకంలో ఒక్కొక్క మాట పైకి చదివాడు, నేను తెర మీద వేలు పెట్టి వెతికాను. మరిచింది అదొక్కటే. దాన్ని చేర్చాను. అంతలో పొద్దుగూకే వేళ మగ్రిబ్ అజాన్ వినబడింది. వాడి చేయి అలవాటుగా కంట్రోల్ మీదికి వెళ్లింది. నేను పట్టుకుని తీశాను.

"ముందు నువ్వు ఇక్కడే చేసుకో. తర్వాత నేను."

"మసీదులో అందరితో చేసే జమాత్ తప్పుతుంది బావా."

"తప్పనీ."

అది సరైనదో కాదో ఇమామ్‌ను అడగాలనుకున్నాను. వాడు మూలన చాప పరుచుకున్నాడు. నేను తెర ముందు కూర్చున్నాను. మూడు వందల ఇరవై అయిదు. నీళ్లు వంద మీద ఉన్నాయి కాబట్టి ప్రతి వరుసకూ కూస్తోంది. కూసినప్పుడల్లా నా ఒళ్లు ఉలిక్కిపడుతోంది. మూడు వందల ఇరవై. దాన్ని ఆపాలని నాకు అనిపించలేదు.