ఐదు శాతం వెలుగు

"పెళ్ళి ఫోటోలో ఎంత కళగా ఉన్నావో ముక్తా! నాలుగేళ్ళకే ఇలా వెలిసిపోయావేంటి?"

అటుకుల పోహే మీద కొత్తిమీర చల్లుతుంటే మా అత్తగారు అన్న మాట ఇది. ఆవిడది చెడ్డ మనసేం కాదు. కానీ పొద్దున్నే అయిదింటికి లేచి నలుగురి లంచ్ డబ్బాలూ సర్దేది ఎవరో ఆవిడకి ఎప్పుడూ గుర్తు రాదు. నా భర్త హృషీకేశ్ పేపర్లోంచి తలెత్తి, "ల్యాబు మానెయ్యమంటే వినదుగా" అన్నాడు. డబ్బాలు మానెయ్యమని మాత్రం ఒక్కనాడూ అనలేదు.

ఆ వారం ల్యాబులోనూ నాకు ఇదే బాధ. కణాల్లోని ఒక ప్రొటీన్‌కి జెల్లీచేప నుంచి వచ్చిన మెరిసే ప్రొటీన్‌ని తోకలా అతికించాను. నీలికాంతి పడితే ఆకుపచ్చగా వెలగాలి, అది ఎటు కదిలితే అటు నేను చూడాలి. నాకు ఇరవై నిమిషాలు కావాలి. అది ముప్పై సెకన్లకే నల్లబడిపోతోంది. శుక్రవారం లోపు తేలకపోతే ఈ ప్రాజెక్టుని నా తోటి పరిశోధకుడు ఓంకార్‌కి ఇచ్చేస్తానన్నారు మా ల్యాబు హెడ్ పటవర్ధన్ సార్. రెండేళ్ళ నా పని! పైగా, "ఇంటి టెన్షన్లుంటాయి కదమ్మా, చెయ్యి నిలకడగా ఉండదు" అని ఓదార్పొకటి. ఒళ్ళు మండిపోయింది.

నా చేతికేం రోగం లేదు. అందుకని చేతిని వదిలేసి పద్ధతిని పట్టుకున్నాను. మా ల్యాబులో ఒక ఆచారం ఉంది. ఎవరు మైక్రోస్కోప్ కింద కణాలు పెట్టినా, ముందు సార్ వచ్చి నీలికాంతి దీపం నూటికి నూరు పెంచి అందమైన కణాన్ని వెతుకుతారు. రండి చూడండంటూ అందరినీ పిలుస్తారు. అయిదుగురూ తనివితీరా చూసి చాయ్‌కి వెళ్తూ, ఇక రికార్డు చేసుకో అంటారు. ఆ వెలుగు ధాటికి మెరుపంతా హరించుకుపోయి, అప్పటికే ఆ కణం పని అయిపోయి ఉంటుంది. ఇన్నాళ్ళూ నేనూ ఆ వరసలో నిలబడి చూసినదాన్నే. తలుచుకుంటే సిగ్గేసింది.

గురువారం అందరూ భోజనానికి వెళ్ళాక ఒక్కొక్కటే మార్చి చూశాను. మామూలు వెలుగులో ఫోకస్ చేసి, నీలికాంతిని ఐదు శాతానికి దించాను. ఫోటోకీ ఫోటోకీ మధ్య వెలుగు పడకుండా షట్టర్ మూశాను. కణాలకి పోసే ద్రవంలో బి2 విటమిన్ ఉంటే మెరుపు తొందరగా పోతుందని చదివింది గుర్తొచ్చి, అది లేని ద్రవం పోశాను. మార్చినప్పుడల్లా ఆయుష్షు పెరిగింది. చివరికి నలభై నిమిషాలు వెలిగింది. కుర్చీలోంచి లేవబుద్ధి కాలేదు.

శుక్రవారం సార్ కూర్చుంటూనే అలవాటుగా దీపం మీదికి చెయ్యి పోనిచ్చారు. నా చెయ్యి అడ్డం పెట్టాను.

"పెంచకండి సార్. ఈ వెలుగులోనే చూడండి."

"మసగ్గా ఉందమ్మా."

"ఒక్క నిమిషం ఆగండి, కళ్ళకి అలవాటవుతుంది."

ఆగారు. చూశారు. కళ్ళు తియ్యకుండానే, "మొత్తానికి నీ ప్రొటీన్ బాగుపడింది" అన్నారు.

"అది మొదట్నుంచీ బాగానే ఉంది సార్. మనం చూసే పద్ధతే బాలేదు."

ఓంకార్ నవ్వు ఆపుకోలేక దగ్గాడు. సార్ నవ్వలేదు గానీ, ఇది నువ్వే పూర్తి చెయ్యమని చెప్పి లేచారు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి హృషీకేశ్ హుషారుగా ఉన్నాడు. ఆదివారం వాళ్ళ పిన్నివాళ్ళు పదిమంది వస్తున్నారట, బొబ్బట్లలాంటి పురణ్‌పోళీ నా చేతిదే కావాలట.

"ఆదివారం పొద్దున నాకు మైక్రోస్కోప్ మీద టైము దొరికింది" అన్నాను.

"సెలవురోజు కూడానా? ఇంకా వెలిసిపోతావే పిల్లా" అన్నారు అత్తగారు.

"లేదు ఆయీ, ఇక వెలిసిపోను" అని, హృషీకేశ్ ఫోన్ అడిగి తీసుకున్నాను. అందులో అయిదింటికి అలారం పెట్టి, నా ఫోన్లోది తీసేశాను.