ఇరవై చెవులు

పొద్దున్నే మట్టి తొక్కడం యాదలక్ష్మి పని. పదహారేండ్లకు ఆ ఇంటి కోడలిగా వచ్చిన మర్నాటి నుంచి, ఇరవై ఎనిమిదేండ్లుగా అది ఆమె పనే. చెరువు నుంచి తెచ్చిన మట్టిలో రాళ్లు ఏరి, నానబెట్టి, బూడిద కలిపి, కొంగు నడుముకు దోపి మడమలతో తొక్కుతుంది. మట్టి పదునుకొచ్చిందో లేదో కంటితో చూడనక్కర్లేదు, ఆమె అరికాలికే తెలుస్తుంది. ఆ మట్టితో మొగుడు ఎల్లస్వామి, మరిది జానయ్య సారె తిప్పి కుండలు చేస్తారు. ఎండకాలం నీళ్లకుండలు, బోనాలకు బోనం కుండలు, పెండ్లిళ్లకు ఐరేని కుండలు. కట్టంగూర్ చుట్టుపక్కల ఎవరింట్లో పెండ్లయినా "ఎల్లస్వామి కుండలు" అంటారు. "యాదలక్ష్మి తొక్కిన మట్టి" అన్నవాళ్లు ఇంతవరకు పుట్టలేదు.

కుమ్మరింట్లో ఆడవాళ్లు సారె ముట్టరు. అది వాళ్ల ఇంటి కట్టు. ఇక ఆడదాని చేతికి మిగిలేది బొమ్మలొక్కటే. అందుకే బొమ్మలంటే యాదలక్ష్మికి ప్రాణం. ఆమె ఎద్దును చేస్తే మూపురం దగ్గర తోలు మడత కూడా కనపడుతుంది. నెమలిని చేస్తే ఈకల్ని లెక్కపెట్టొచ్చు. ఊరంతా మెచ్చుకున్నారు. ఆ మెప్పు ఇరవై రెండేండ్లు హాయిగా నడిచింది.

కొత్త జిల్లాలైన ఏడాది జానయ్యకు పెండ్లయి, కోస్గి దిక్కు నుంచి గోపమ్మ వచ్చింది. యాదలక్ష్మికి యారాలు. కొత్త కోడలి పనితనం చూసి యాదలక్ష్మి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. గోపమ్మ చేసిన ఎద్దుకూ మేకకూ తేడా ఆమె చెబితే తప్ప తెలిసేది కాదు. పైగా ఇంకో అవకతవక. కాల్చే బొమ్మ లోపల బోలుగా ఉండాలి, వేడి బయటికి పోవడానికి ఎక్కడో ఒక తూటు ఉండాలి, లేకపోతే కుండలు కాల్చే ఆవంలో పగులుతుంది. యాదలక్ష్మి ఆ తూటును బొమ్మ అడుగున, ఎవరికీ కనపడకుండా పెడుతుంది. గోపమ్మకు ఆ నేర్పు లేదు. తంగేడు పుల్ల తీసుకుని బొమ్మ రెండు చెవుల్లోనూ పొడిచేస్తుంది.

ఆ చెవులతో వచ్చింది అసలు చిక్కు. గోపమ్మ అరుగు మీద కూచుని పిల్లలకు కథ మొదలుపెట్టగానే, ఎండలో పెట్టిన ఆమె బొమ్మలన్నీ మెడ తిప్పి ఆమె వైపు చూసేవి. కథ అయ్యాక మళ్లీ ముందుకు తిరిగేవి. ఊళ్లో ఎవరూ దీన్ని వింతగా చెప్పుకోలేదు. వానొస్తే చూరు కారుతుంది, కథ చెబితే గోపమ్మ బొమ్మలు తిరుగుతాయి, అంతే. నల్గొండ నుంచి ఒకామె వచ్చి రెండు చిలుకల్ని తీసుకుపోయి, పదిరోజులకే వాపసు తెచ్చింది. పొద్దస్తమానం టీవీ సీరియల్ దిక్కే చూస్తూ, ఇంటికొచ్చిన చుట్టాలకు వీపు చూపిస్తున్నాయని ఆమె బాధ. గోపమ్మ వాటికి బదులు నాలుగు నూనె దీపంతలు ఇచ్చి పంపింది.

కొత్తొక వింత, పాతొక రోత. యాదలక్ష్మి కూతురు నల్గొండలో బట్టల దుకాణంలో పనిచేస్తుంది, దాని బిడ్డ ఐదేండ్ల మనస్విని అవ్వ దగ్గరే పెరుగుతోంది. ఆ పిల్ల కూడా అన్నం పళ్లెం పట్టుకుని గోపమ్మ అరుగు మీదికే పోయేది.

"ఇటు రాయే, నీకు నెమలిని చేసిన చూడు," అని పిలిచింది ఒకనాడు యాదలక్ష్మి.

మనస్విని నెమలిని చూసింది. "మంచిగున్నదవ్వా. గని ఇది నన్ను సూస్తలేదు," అని మళ్లీ అటే ఉరికింది.

యాదలక్ష్మికి కడుపులో భగ్గుమంది. ఆ మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు తన ఎద్దు బొమ్మను ముందు పెట్టుకుని, గొంతు సవరించుకుని, "అనగనగా ఒక రాజు," అంది. ఎద్దు మేకల కొట్టం వైపు చూస్తూ ఉండిపోయింది. "ఆ రాజుకు ఏడుగురు కొడుకులు," అంది కొంచెం గట్టిగా. ఎద్దుకు ఏమీ పట్టలేదు. తను చేసిన బొమ్మ ముందే తనకు తలకొట్టేసినట్టయి, లేచి పోయి అంట్లు తోముకుంది. బొమ్మ చెవులకు తూట్లు పెడితే సరిపోతుందని ఆమెకు తెలియక కాదు. నిన్న మొన్న వచ్చినదాన్ని చూసి తన బొమ్మకు తూట్లు పొడవడం చావుతో సమానమనిపించింది.

ఇట్లా ఆరేండ్లు లోపల్లోపల కాగింది. అప్పుడు బడి నుంచి హెడ్మాస్టరు శివకుమార్ సారు వచ్చాడు.

"అమ్మా, పిల్లలకు చేతిపని నేర్పాలె. వారానికి రెండు దినాలు, ఏడాదంతా. మీ ఇంట్ల ఎవరన్న ఒక్కరు రావాలె. శుక్రవారం మీరిద్దరు తలా పది బొమ్మలు పట్టుకొని రాండ్రి. పిల్లలు ఎవరిని కోరుకుంటె వాళ్ల పేరు రాస్త."

యాదలక్ష్మి మూడో తరగతిలో ఉండగా వాళ్ల బాపు బడి మాన్పించి మట్టిలోకి దించాడు. పలక ఆ రోజు బడిలోనే ఉండిపోయింది. ఇన్నేండ్లకు మళ్లీ ఒక బడి గడప లోపలికి, అదీ టీచరమ్మగా పోవడం అనేసరికి ఆమె కొంగు సర్దుకుని నిలబడింది. ఆ వెంటనే, పిల్లలు ఎవరిని కోరుకుంటారో కూడా తెలిసిపోయింది. పిల్లలు ఎద్దు మూపురం చూస్తారా, తమను చూసే బొమ్మను చూస్తారా?

బుధవారం ఆవం పేర్చాలి. మంగళవారం మధ్యాహ్నం గోపమ్మ రేషన్ బియ్యానికి పోయింది. మగవాళ్లు కట్టెలకు పోయారు. గోపమ్మ పది బొమ్మలు ఆరిపోయి నీడలో వరుసగా ఉన్నాయి. యాదలక్ష్మి వాటి ముందు గొంతుక్కూచుంది. చేతిలో తడిమట్టి ముద్ద ఉంది. జొన్నగింజంత ఉండ చేసింది, మొదటి బొమ్మ చెవిలో కూరింది.

ఊరికే కూరితే అయిపోయేది. కానీ ఆరేండ్ల మంట ఊరికే పోతుందా? ఒక్కో చెవి మూసే ముందు, గోపమ్మతోనే అన్నట్టు, ఆ చెవిలో ఒక్కో మాట చెప్పింది.

"నీకంటె ముందొచ్చిన నేను ఈ ఇంటికి," అంది ఒక చెవిలో. ఉండ పెట్టింది.

"నీ మొగుణ్ణి ఎత్తుకొని సాకింది నేను. ముక్కు తుడిచింది నేను," అంది రెండో చెవిలో.

"అత్తకు చెయ్యి కాలు పడిపోతె రెండేండ్లు ఎత్తిపోసింది నేను. నువ్వొచ్చేటాల్లకు ఆమె పోయింది. నీకేమెరుక?"

"నా మనుమరాలు నీ అరుగు మీద తింటది."

"నా ఎద్దు నా దిక్కు సూడదు."

ఆ మాట దగ్గర ఆగింది. కొంగుతో ముక్కు చీదుకుని మళ్లీ మొదలుపెట్టింది. పది బొమ్మలు, ఇరవై చెవులు, ఇరవై మాటలు. అయిపోయాక లేచి చేతులు కడుక్కుంది. చెప్పకేం, ఆ రాత్రి ఆమెకు ఒళ్లు తెలియని నిద్ర పట్టింది.

బుధవారం పొద్దున జానయ్య ఆవం పేరుస్తూ, వదినె బొమ్మలకు దెబ్బ తగలకూడదని వాటిని నడుమ పెట్టి, చుట్టూ గోపమ్మ బొమ్మల్ని కాపలా పెట్టాడు. అది యాదలక్ష్మి చూసింది. గోపమ్మ బొమ్మలు పగిలితే ఆ పెంకులు పోయి తగిలేది తన వాటికే. వాటి కింద ఎల్లస్వామి చేసిన ఐరేని కుండలు కూడా ఉన్నాయి. కుమ్మరికి ఏడాది, గుదియకు ఒక పెట్టు అంటారు. ఇక్కడ ఆ దుడ్డుకర్రను ఆమె చేతులతో ఆమే లోపల పెట్టింది.

"మరిదీ, అవి జర దూరం పెట్టరాదు," అంది.

"ఎందుకు వదినె, నీ బొమ్మలు పైలంగుండాలెనని పెట్టిన," అన్నాడు జానయ్య అమాయకంగా.

నిప్పు పెట్టింది మొదలు యాదలక్ష్మి ఆవం దగ్గర నుంచి కదల్లేదు. ఎక్కడ ఏ కట్టె చిటపటలాడినా ఉలిక్కిపడింది. సాయంత్రం దాకా ఒక్క పగులు చప్పుడు కూడా రాలేదు. గురువారమంతా ఆవం చల్లారింది. శుక్రవారం పొద్దున బూడిద తీసి చూస్తే అన్నీ ఎర్రగా, నిక్షేపంగా ఉన్నాయి. గోపమ్మ ఒక బొమ్మను ఎత్తింది. లోపల గలగలమంది. ఇంకోటి ఎత్తింది, అదీ గలగలమంది.

"ఇదేందక్కా, గిలకల తీర్గ మోగుతున్నయి?" అంది.

యాదలక్ష్మికి అప్పుడు అర్థమై తలకొట్టుకోవాలనిపించింది. ఆరిన మట్టికి తడిమట్టి అతకదు. కుమ్మరింట్లో పాకే పిల్లకు తెలిసిన సంగతి. మంటలో ఉండలు కుంచించుకుపోయి, చెవి విడిచి లోపలికి రాలిపోయాయి. ఇన్నేండ్లు మట్టి తొక్కిన మనిషి కడుపుమంటలో మట్టి సంగతే మరిచిపోయింది. బొమ్మలు దక్కినందుకు సంతోషపడాలో, గోపమ్మ బొమ్మల చెవులు తెరుచుకున్నందుకు ఏడవాలో తెలియలేదు.

బడిలో అరవై మంది పిల్లలు నేల మీద కూచున్నారు. బల్ల మీద ఒకవైపు యాదలక్ష్మి బొమ్మలు, ఇంకోవైపు గోపమ్మవి. గోపమ్మ కథ మొదలుపెట్టింది. జొన్నచేలో పడ్డ నక్క కథ, పిల్లలకు నోటికి వచ్చిన కథ. పిల్లలు బొమ్మల మెడల వైపు చూశారు. బొమ్మలు తిరిగాయి. కానీ గోపమ్మ వైపు కాదు. పదికి పది, గోడకు ఆనుకుని నిలబడ్డ యాదలక్ష్మి వైపు తిరిగాయి.

గోపమ్మ గొంతు పెంచింది. నక్కలా ఊళ పెట్టింది కూడా. బొమ్మలు చలించలేదు.

"బొమ్మలు పెద్దమ్మ దిక్కు సూస్తున్నయి గద," అన్నాడు శివకుమార్ సారు, బస్సు ఇటు కాదు అటు ఆగుతుందని చెప్పినంత మామూలుగా. "కథ నీ దగ్గరున్నట్టుందమ్మా. చెప్పు."

"నాకు కథలు రావు సారు," అంది యాదలక్ష్మి.

"చెప్పవ్వా," అంది ముందు వరుసలోంచి మనస్విని. అవ్వ వైపు తిరిగి, పూర్తిగా తిరిగి కూచుంది.

ఆ పిల్ల అట్లా తిరిగి చూసి ఎన్ని నెలలైంది! యాదలక్ష్మి రెండడుగులు ముందుకొచ్చింది. బొమ్మల కండ్లు ఆమెతో పాటే కదిలాయి. ఆమెకు వచ్చిన కథ ఒక్కటే. ఆ బొమ్మలకు సగం తెలిసిన కథ.

"ఒక ఊర్ల ఇద్దరు యారాండ్లు ఉండిరి," అని మొదలుపెట్టింది. "పెద్దామె చేతిల పనితనం ఉండె. చిన్నామె నోట్ల మాట ఉండె. పెద్దామెకు చిన్నామెను సూస్తె కండ్లల్ల నిప్పులు పోసుకున్నట్టయితుండె..."

పిల్లలు నోళ్లు తెరుచుకుని విన్నారు. ఓర్వలేనితనం ఎట్లా ఉంటుందో ఆమె చెప్పినట్టు ఎవరు చెప్పగలరు? మెడకింద ఎక్కడ మొదలవుతుందో, అన్నం ముద్ద ఎక్కడ ఆగిపోతుందో, రాత్రి పక్కమీద ఎటు పొర్లినా ఎట్లా గుచ్చుతుందో అన్నీ చెప్పింది. ఎద్దుకు రాజు కథ చెప్పి భంగపడ్డది చెబితే పిల్లలు కడుపు పట్టుకుని నవ్వారు. ఆమెకూ నవ్వొచ్చింది. చెప్పుకుంటూ చెప్పుకుంటూ మంగళవారం మధ్యాహ్నం దగ్గరికొచ్చి ఆగిపోయింది.

"అప్పుడు పెద్దామె ఏం జేసిందవ్వా?" అని మనస్విని అడిగింది.

చెబితే సారు ముందు, యారాలు ముందు పరువు పోతుంది. బడి గడప ఎక్కిన రోజే దిగిపోవాల్సి వస్తుంది. ఆపేస్తే పిల్ల మళ్లీ అటు తిరుగుతుంది. యాదలక్ష్మి గోపమ్మ వైపు చూడకుండా చెప్పేసింది. "చిన్నామె బొమ్మల చెవుల్ల మట్టి కూరింది."

టక్కుమంది. మొదటి బొమ్మ చెవిలోంచి కాలిన మట్టి ఉండ బల్ల మీద పడింది. తర్వాత ఇంకోటి. ఇరవై ఉండలు ఒకదాని వెంట ఒకటి రాలి బల్ల మీద దొర్లాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. సారు రిజిస్టరు తెరిచి, పిల్లల్ని అడగవలసిన పని లేదనుకున్నాడేమో, యాదలక్ష్మి పేరు రాశాడు.

ఇంటికి పోయే దారిలో గోపమ్మ తలమీద గంప పెట్టుకుని ముందు నడిచింది. సగం దూరం పోయాక తిరక్కుండానే అంది.

"మట్టి కూరినందుకు గాదక్కా నాకు మండేది."

"మరెందుకే?"

"గసొంటి కథ నీకు దొరికె. ఆరేండ్ల సంది నేను నక్కలు, కుందేళ్లు అనుకుంట తిరుగుతున్న. నా పక్కనే గంత కథ ఉన్నదని నాకెరుకనే లేకపాయె. ఒక్క పిల్ల గూడ నా దిక్కు సూడలె."

యాదలక్ష్మికి ఆ గొంతు బాగా తెలుసు. ఆరేండ్లు తన గొంతులో తిరిగిన గొంతే. జాలి కలిగింది. లోపల సంతోషం కూడా కలిగింది, అబద్ధమెందుకు.

"మంగళారం నేను పోత, శనారం నువ్వు పో. నేను సారుకు చెప్త," అంది.

"నాకొద్దు నీ ధర్మం!" అని గోపమ్మ అడుగులు పెద్దవి చేసింది. దారి పొడుగునా లోలోపల ఏదో గొణుక్కుంటూనే ఉంది. పెద్దకోడలి ఇంట్లో చిన్నకోడలిగా వచ్చినదాని సంగతి, వచ్చిన మొదటిరోజు తన బొమ్మను చూసి ఎవరో కొంగు అడ్డం పెట్టుకుని నవ్విన సంగతి. వెనక నడిచేవాళ్లకు సగం సగమే వినపడుతోంది.

బడి నుంచి ఇందాకటి దాకా గంపలో నుంచి యాదలక్ష్మినే చూస్తూ వచ్చిన పది బొమ్మలూ మెల్లగా మెడలు తిప్పి, గోపమ్మ తల మీదికి వంగి వినడం మొదలుపెట్టాయి.

యాదలక్ష్మికి కడుపులో మళ్లీ భగ్గుమంది. ఆ కథలో ఏముందో వినాలని గబగబా నడిచి యారాలిని అందుకుంది.