ఎల్బియా కారుకు విల్మార్ కట్టిన ధర

కార్మెలో ఊళ్లో పాత కారు ఎవరిదైనా, దాని ధర చెప్పేది మాత్రం మెకానిక్ విల్మార్ ఎచెవెర్రి. బానెట్ ఎత్తి చూసి, కిందకు దూరి లేచి, చేతులు గుడ్డకు తుడుచుకుంటూ ఒక అంకె అన్నాడంటే ఇక దానిమీద అప్పీలు లేదు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ముప్ఫయ్యేళ్లలో అతను ఎవరి కారుకూ తప్పుడు ధర చెప్పలేదు. ఎవరి కారు మీదా ఆశ లేకపోవడం వల్ల ఆ నిజాయితీ అన్నాళ్లు నిలిచింది, అంతకు మించి అందులో గొప్పేమీ లేదు.

ఆశ ఉన్నది ఒక్కదాని మీదే. స్నేహితుడు అన్సెల్మో షెడ్డులో ఉన్న 1936 నాటి ఫోర్డ్ కూపే. అన్సెల్మో తండ్రి కొత్తగా కొన్న బండి. తండ్రీ కొడుకూ దాన్ని ఆదివారాలు నది ఒడ్డు దాకా నడిపి, తెచ్చి దుప్పటి కప్పడం తప్ప వేరే పని చెప్పి ఎరగరు. బతికున్నంతకాలం అమ్మనని అన్సెల్మో తెగేసి చెప్పాడు. స్నేహితుడు గనుక విల్మార్ అతని చావు కోరుకోలేదు. లెక్కలు మాత్రం వేసుకుంటూ ఉండేవాడు.

నవంబరులో అన్సెల్మో పోయాడు. పదిహేను రోజులు తిరక్కుండానే భార్య ఎల్బియా దగ్గర్నుంచి కబురొచ్చింది, కారు చూసి అమ్మితే ఎంత పలుకుతుందో చెప్పి పొమ్మని. విల్మార్ గుండె ఎగిరి గంతేసింది. మొహం మాత్రం పరామర్శకు తగ్గట్టు వేలాడేసుకుని వెళ్లాడు.

ఆవిడ సొరబుర్రలో మాతే ఆకు టీ కలిపి ఇచ్చింది. మూడు విడతలు తాగేదాకా ఇద్దరూ పోయినవాడి గురించే మాట్లాడుకున్నారు. నాలుగోది వద్దన్నట్టు విల్మార్ "గ్రాసియాస్" అని బుర్ర తిరిగిచ్చేసి షెడ్డులోకి నడిచాడు. దుప్పటి లాగాడు.

నల్ల రంగు కంపెనీ వేసిందే. బానెట్ మీద అరచేయంత మేర అరిగి లోపలి పూత కనిపిస్తోంది, తండ్రీ కొడుకులు తుడిచి తుడిచి అరగ్గొట్టిన చోటు అది. సీటు తోలు పగిలింది, కానీ ఫ్యాక్టరీలో కుట్టిన కుట్టు ఒక్కటీ ఊడలేదు. ఇంజను దానిదే. అద్దాలు దానివే. ఇలా ఎవరి చెయ్యీ పడని బండి దొరకదు, దొరికితే నది అవతల బ్యూనస్ ఐరిస్‌లో నలభై వేల డాలర్లకు కళ్లకద్దుకుని పట్టుకుపోతారు. అందంగా బాగుచేయించిన బండికి అందులో సగం కూడా ఇవ్వరు. ఈ సంగతి ఊరు మొత్తమ్మీద తెలిసినవాడు అతనొక్కడే. అతను అమ్మాలని కూడా కాదు. తన షెడ్డులో, తన దుప్పటి కింద ఉండాలి, అంతే.

పెదవి విరిచాడు.

"ఏం చెప్పమంటారు డోన్యా ఎల్బియా. రంగు చూడండి, పుట్టాక మళ్లీ వేసిన పాపాన పోలేదు. సీట్లు పగిలిపోయాయి. ఇంజను ఆ కాలంనాటిదే, ఏనాడు ఆగుతుందో. అద్దాలు పసుపెక్కాయి."

"ఉండు నాయనా, రాసుకోనీ, నాకు మతిమరుపు," అని ఆవిడ కరెంటు బిల్లు వెనక ఒక్కొక్కటే రాసుకుంది. విల్మార్‌కు ఇంకా హుషారు వచ్చింది. స్టీరింగు బీటలు, పైకప్పు గుడ్డ, చక్రాల కప్పులు, గుర్తొచ్చినవన్నీ చెప్పాడు. ఆ బండికి ఉన్న గొప్పల్లో ఒక్కటి కూడా వదల్లేదు మహానుభావుడు.

"అయితే ఎంతొస్తుంది?"

"పదిహేను వందల డాలర్లు. అదీ తెలిసినవాడెవడైనా మొహమాటానికి కొంటే."

ఆవిడ మొహం మాడిపోయింది. డబ్బు తగ్గిందని బాధపడుతోంది కాబోలనుకున్నాడు. ఆ మొహమాటస్తుణ్ణి నేనేనని అప్పుడే అనేస్తే పోయేది. కానీ ఆత్రగాడికి బుద్ధి మట్టు అని అతని నమ్మకం. బేరంలో ముందు అడిగినవాడు ఓడిపోతాడు. విధవరాలు తనంతట తాను పిలిచేదాకా ఆ వీధి ఛాయలకు పోకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. డిసెంబరు పోయింది, జనవరి పోయింది. కార్నివాల్ డప్పులు మోగి ఆగిపోయాయి. రోజూ రాత్రి మంచమెక్కేముందు తన షెడ్డులో ఆ కారుకు చోటు కొలుచుకుని మరీ పడుకున్నాడు.

మార్చి మొదట్లో రమ్మని కబురొచ్చింది. విల్మార్ కవరులో పదహారు వందలు పెట్టుకున్నాడు. ఆ పైన వంద తన మనస్సాక్షికి.

ఎల్బియా పండగ బట్టలు కట్టుకుని షెడ్డు ముందు నిలబడి ఉంది. తలుపులు బార్లా తీసింది.

లోపల టమాటా పండు రంగులో ఒక కారు తళతళలాడిపోతోంది. తెల్ల ప్లాస్టిక్ సీట్లు. కొత్త అద్దాలు. చేతిలో ఇమిడేంత చిన్న స్టీరింగు. బానెట్ కింద ఏదో పికప్ బండి నుంచి ఊడదీసిన ఇంజను. అది ఏ కారో విల్మార్‌కు ఒక నిమిషం పాటు తెలియలేదు. తెలిశాక నిలబడ్డచోటే కూలబడ్డాడు.

"నువ్వు ఆవేళ చెబుతుంటే సిగ్గుతో చచ్చిపోయాను విల్మార్," అంది ఆవిడ. "పోయేముందు ఆయన అన్నది ఒకటే మాట, కారు విల్మార్‌కి ఇచ్చెయ్ అని. ఇవ్వదగ్గదో కాదో తెలుసుకుందామనే నిన్ను ధరడిగాను. నువ్వు ఆ అవలక్షణాలన్నీ చదువుతుంటే, ఇంత చెత్తనా నీ చేతిలో పెట్టేది అనిపించింది. పాలిచ్చే ఆవులు ఆరూ అమ్మేశాను. పక్క ఊరు పాల్మిరాలో ఒక షెడ్డువాడికి నీ జాబితా ఇచ్చి, ఇందులో ఒక్కటి మిగలడానికి వీల్లేదన్నాను. పాతవి ఏం చేయమంటావని అడిగాడు. తుక్కుకి వేసెయ్ నాయనా అన్నాను."

విల్మార్‌కు ఏడుపు ఆగలేదు. వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆవిడ కూడా కళ్లొత్తుకుంది. ఆయనంటే నీకెంత ప్రాణమో నాకు తెలుసులే అని వీపు నిమిరింది. కవరు జేబులోనే ఉంది. అది తీసి ఇవ్వడానికీ మొహం చెల్లలేదు, తీయకుండా ఉండడానికీ చెల్లలేదు. ఆరు ఆవులు.

"లే, లేచి చూడు. ఇప్పుడు అమ్మితే ఎంత పలుకుతుంది?"

ముప్ఫయ్యేళ్ల కన్ను అది, ఏడుస్తూ కూడా ధర కట్టేసింది. పదిహేను వందలు. సెంటు ఎక్కువ కాదు. అప్పుడు నోటికొచ్చినట్టు అన్న అంకెను ఆ కారు తు.చ. తప్పకుండా నిజం చేసి కూర్చుంది. అతని నోరు మాత్రం పెగిలి ఇంకోటి అంది.

"నలభై వేలు, డోన్యా."

ఎల్బియా శిలువ గుర్తు వేసుకుంది. తాళంచెవి అతని అరచేతిలో పెట్టి, పసివాడి చేయి మూసినట్టు వేళ్లు మూసింది.

"చూశావా మరి. నీ మాట వినబట్టి గదా," అంది. "పద, చౌక్ దాకా తిప్పు. ఎవరు చేయించారని ఎవరైనా అడిగితే, నువ్వు దగ్గరుండి చెప్పిందేనని చెబుతాను."